ముందు వెనక్కి తిప్పి చూడు

పిట్స్‌బర్గ్ అంటే మన తెలుగువాళ్ళలో చాలామందికి పెన్ హిల్స్ వెంకటేశ్వరస్వామి గుడే గుర్తొస్తుంది. ఒహాయో నుంచి, న్యూజెర్సీ నుంచి కూడా కార్లేసుకుని వచ్చి, దర్శనం చేసుకుని, క్యాంటీన్‌లో పులిహోర తిని వెళ్ళిపోతారు. ఇప్పుడంటే పాత బేస్‌బాల్ ఫోటోలు, నెగెటివ్‌లు సేకరిస్తున్నాను గానీ, 1998లో ఉద్యోగానికి ఈ ఊరొచ్చినప్పుడు నాకు తెలిసింది కూడా అంతే. బేస్‌బాల్ ఏంటో తెలియదు. క్రికెట్ తెలుసు, కపిల్‌దేవ్ తెలుసు, స్పోర్ట్‌స్టార్ మధ్య పేజీల్లో వచ్చే పెద్ద పోస్టర్‌ని చిరగకుండా పిన్నులు ఊడదీసి గోడకి అంటించుకోవడం తెలుసు.

అప్పట్లో ఓక్లాండ్‌లో యూనివర్సిటీ పక్కన అద్దెకుండేవాణ్ణి. బస్ స్టాప్‌కి నడిచే దారిలో తీగ అల్లుకున్న పాత ఇటుక గోడ ఒకటి ఉండేది, దాని దగ్గర ఒక జెండా కర్ర, చుట్టూ గడ్డి. ఒక అక్టోబర్ 13న మధ్యాహ్నం అటుగా వెళ్తుంటే ఆ గోడ దగ్గర జనం, మడత కుర్చీలేసుకుని, పాత టోపీలు పెట్టుకుని, అందరూ ఒక రేడియో కామెంటరీ వింటున్నారు. అది 1960 నాటి మ్యాచ్ రికార్డింగ్. ఏం జరుగుతుందో అందరికీ తెలుసు, అయినా ఊపిరి బిగబట్టి వింటున్నారు. సరిగ్గా మూడు గంటల ముప్ఫై ఆరు నిమిషాలకి బిల్ మాజెరోస్కీ కొట్టిన బంతి ఎడమవైపు గోడ దాటింది, పిట్స్‌బర్గ్ పైరేట్స్ 10-9 తేడాతో న్యూయార్క్ యాంకీస్ మీద వరల్డ్ సిరీస్, అంటే ఆ ఏటి బేస్‌బాల్ ఫైనల్, గెలిచింది, ముసలివాళ్ళు కుర్చీల్లోంచి లేచి ఒకరినొకరు కౌగిలించుకున్నారు. ఆ గోడ ఫోర్బ్స్ ఫీల్డ్ అనే స్టేడియంది. 1909లో తెరిచారు, 1970లో చివరి మ్యాచ్ ఆడాక కూల్చేశారు, ఈ గోడ ముక్క మాత్రం ఉంచారు. బ్యాటర్ నిలబడే హోమ్ ప్లేట్‌ని అక్కడే యూనివర్సిటీ భవనం లోపల నేలలో అద్దం కింద పెట్టారు, ఇప్పటికీ వెళ్ళి చూడొచ్చు.

ఆ గుంపులో ఒక పెద్దాయన చేతిలో ప్లాస్టిక్ కవర్‌లో పెట్టిన నలుపు తెలుపు ఫోటో ఉంది. మాజెరోస్కీ తల మీది హెల్మెట్ తీసి చేత్తో ఊపుకుంటూ పరుగెత్తుతున్నాడు, వెనకాల జనం మైదానంలోకి దూకేస్తున్నారు. నేను వంగి చూస్తుంటే ఆయన కవర్‌తో సహా నా చేతిలో పెట్టి, "ముందు వెనక్కి తిప్పి చూడు" అన్నాడు. తిప్పాను. పచ్చబడిన కాగితం ముక్క అంటించి ఉంది, దాని మీద టైప్ చేసిన నాలుగు లైన్లు. పక్కన ఊదారంగు సిరాతో ఏజెన్సీ ముద్ర. దానికి అడ్డంగా తేదీ ముద్ర, 1960 అక్టోబర్ 14. ఎర్ర పెన్సిల్‌తో కొలతలు, రెండు కాలమ్‌ల వెడల్పు అని గుర్తు. అంటే నా చేతిలో ఉన్న ఈ కాగితం ఆ రోజు ఏదో పేపర్ ఆఫీసులో ఎవరి బల్ల మీదో పడి ఉంది, ఎవరో హడావుడిగా సైజు రాసి కిందికి పంపారు, పొద్దున్నే ఊరంతా చూసింది. ఫోటో ముందువైపు ఉన్నది ఆట. వెనకవైపు ఉన్నది ఆ రోజు. నన్ను పట్టేసింది వెనకవైపే.

ఆ పెద్దాయన ఒక పత్రికలో డార్క్ రూమ్‌లో పని చేసి రిటైరయ్యాడు. పేరు పెట్టి పిలవమని ఎన్నిసార్లు చెప్పినా అంత పెద్దవాణ్ణి పేరు పెట్టి పిలవడానికి నాకు నోరు రాలేదు, చివరిదాకా సార్ అనే పిలిచాను. శనివారాలు వాళ్ళింటి బేస్‌మెంట్‌కి వెళ్ళడం అలవాటైపోయింది. అక్కడ గాలిలో తేమ లాగేసే మెషీన్ ఒకటి ఎప్పుడూ రొద పెడుతూ ఉండేది. గోడ పొడుగునా ఇనప షెల్ఫులు, బూడిదరంగు అట్టపెట్టెలు, ఒక్కో పెట్టె మీద పెన్సిల్‌తో ఊరు, సంవత్సరం. పెన్నుతో రాయనిచ్చేవాడు కాదు, సిరా కాగితంలోంచి ఇంకి అవతలికి వస్తుందని. చేతులు కడుక్కుని, తుడుచుకుని, కాటన్ గ్లవ్స్ వేసుకుంటే గానీ పెట్టె మూత తీయనిచ్చేవాడు కాదు. కాఫీ అయితే మెట్ల మీదే ఆగిపోవాలి.

ఈ ఫోటోలు సేకరించేవాళ్ళ దగ్గర ఒక లెక్క ఉంది, తెలియనివాళ్ళ కోసం చెప్తాను. అసలు నెగెటివ్ నుంచి, ఫోటో తీసిన రెండేళ్ళలోపు వేసిన ప్రింట్ అయితే దాన్ని టైప్ 1 అంటారు. అదే అసలు నెగెటివ్ నుంచి చాలాకాలం తర్వాత వేస్తే టైప్ 2. నకలు నెగెటివ్ నుంచో, వైర్ మీద వచ్చిన బొమ్మ నుంచో ఆ రోజుల్లోనే వేస్తే టైప్ 3. నకలు నుంచి ఎప్పుడో తర్వాత వేసింది టైప్ 4. బొమ్మ ఒకటే, ధరల్లో మాత్రం నక్కకీ నాగలోకానికీ ఉన్నంత తేడా. వైర్ అంటే, అసోసియేటెడ్ ప్రెస్ వాళ్ళు 1935 జనవరి 1న మొదలుపెట్టిన వైర్‌ఫోటో, టెలిఫోన్ లైన్ల మీద ఫోటోని గీత గీతగా పంపేవాళ్ళు. అవతల ఊళ్ళో పేపర్‌వాళ్ళు దాన్ని మళ్ళీ ఫోటోగా దించుకునేవాళ్ళు. అందుకే వైర్‌ఫోటోల్లో ఫోటో గురించి రాసిన వివరం బొమ్మలోనే అచ్చయి ఉంటుంది, దగ్గరగా చూస్తే సన్నటి గీతలు కనిపిస్తాయి. పెద్దాయన ఆ మెషీన్ దగ్గర రాత్రి డ్యూటీలు చేసినవాడు. వరల్డ్ సిరీస్ రోజుల్లో ఫోటో వస్తూ వస్తూ మధ్యలో లైన్‌లో ఏదైనా అవాంతరం వస్తే సగం ఆటగాడి మీద తెల్లటి గీత పడేదట, మళ్ళీ పంపమని అడిగే టైమ్ ఉండేది కాదట, బ్రష్ తీసుకుని ఆ గీతని వీళ్ళే రంగుతో పూడ్చేసేవాళ్ళట. అలాంటి ప్రింట్లు నా దగ్గర కొన్ని ఉన్నాయి. జెర్సీ మడతల మీద బూడిద రంగు, వెనక ఉన్న జనాన్ని మాయం చేయడానికి తెల్ల రంగు. చాలామంది వీటిని పాడైపోయినవి అని పక్కన పెడతారు, నాకు మాత్రం ఇవే ముద్దొస్తాయి, మనిషి చెయ్యి కనపడుతుంది కాబట్టి.

అసలుదో కాదో తేల్చడం ఆయన దగ్గర నేర్చుకున్నదే. మొదట వెనకవైపు ముద్ర, ఎందుకంటే ఏజెన్సీల పేర్లు మారుతూ వచ్చాయి, పేరుని బట్టి కాలం తెలుస్తుంది. ఆక్మే న్యూస్‌పిక్చర్స్ ముద్ర ఉంటే 1952 ముందుది, ఆ ఏడాది దాన్ని యునైటెడ్ ప్రెస్ తీసుకుంది. యూపీఐ (యునైటెడ్ ప్రెస్ ఇంటర్నేషనల్) అని ఉంటే 1958 తర్వాతిది, ఆ పేరు అప్పుడే పుట్టింది. తర్వాత కాగితం. 1950ల మధ్య నుంచి ఫోటో కాగితాల్లో తెల్లదనం కోసం ఒక రసాయనం కలపడం మొదలైంది, చీకట్లో బ్లాక్ లైట్, అంటే అల్ట్రావయొలెట్ దీపం, వేస్తే అలాంటి కాగితం నీలంగా వెలుగుతుంది. యాంకీస్ పెద్ద బ్యాటర్ బేబ్ రూత్ 1920ల ఫోటో అని చెప్పి అమ్మేది బ్లాక్ లైట్ కింద తళతళలాడిందంటే ఇక మాట్లాడాల్సిన పని లేదు. ఆఖర్న ఫోటోని కాస్త వంచి వెలుతురుకి పట్టుకోవాలి. నిజంగా పాతదైతే చాలాసార్లు ముదురు భాగాల్లో, అంచుల వెంట, లోపలి వెండి పైకి తేలి మెరుస్తుంది. దొంగ ప్రింట్లలో ఆ మెరుపు తీసుకురావడం కష్టం.

చార్లెస్ కాన్లన్ సంగతి చెప్పకుండా ఈ విషయం పూర్తి కాదు. నాకు ఈ లోకంలో అందరికంటే ఇష్టమైన మనిషి ఆయనే. న్యూయార్క్‌లో ఈవెనింగ్ టెలిగ్రామ్ పత్రికలో ప్రూఫ్ రీడర్. రోజంతా అచ్చుతప్పులు దిద్దడం, సెలవు రోజున సరదాకి ఫోటోలు తీసుకోవడం. 1904లో అక్కడి స్పోర్ట్స్ ఎడిటర్ జాన్ ఫాస్టర్, బేస్‌బాల్ ఆటగాళ్ళని తియ్యవయ్యా, మా స్పాల్డింగ్ బేస్‌బాల్ గైడ్ పుస్తకానికి కావాలి అన్నాడు. అంతే, ఆ ప్రూఫ్ రీడర్ సుమారు నలభై ఏళ్ళు, 1942 దాకా మైదానాలు వదల్లేదు. గ్రాఫ్లెక్స్ కెమెరా, ఫిల్మ్‌కి బదులు గాజు పలకలు. ఒక్కో ఫోటోకి ఒక్కో పలక మార్చుకోవాలి, ఆ బరువంతా భుజాన మోసుకుంటూ తిరగాలి. ఇప్పటిలా పొడవాటి లెన్సులు లేవు, గ్యాలరీలోంచి తీయడం కుదరదు, మైదానంలోనే గీత పక్కన నిలబడాలి, బంతి వస్తే తప్పుకోవాలి.

ఆ కాలపు పెద్ద బ్యాటర్ టై కాబ్ థర్డ్ బేస్‌లోకి, అంటే పరుగులో తాకాల్సిన మూడో గుర్తు దగ్గరికి, జారుతూ దుమ్ము లేపే ఫోటో, బేస్‌బాల్ ఏమాత్రం తెలిసినవాళ్ళైనా ఎక్కడో ఒకచోట చూసే ఉంటారు. 1910 జూలైది అని చెబుతారు, న్యూయార్క్ హిల్‌టాప్ పార్క్‌లో. కాన్లన్ థర్డ్ బేస్ పక్కనే నిలబడి ఉన్నాడు. అక్కడ ఆడుతున్న జిమ్మీ ఆస్టిన్ ఆయనకి స్నేహితుడు. కాబ్ పళ్ళు బిగించి దూసుకొచ్చాడు, ఆస్టిన్ కాలు తేలిపోయింది, మట్టి ఎగిరింది. స్నేహితుడికి దెబ్బ తగిలిందేమో అన్న కంగారే తప్ప ఫోటో తీశానా లేదా అన్నది కాన్లన్‌కి తెలియనే తెలియదు. ఎందుకైనా మంచిదని పలక మార్చుకున్నాడు. ఇంటికెళ్ళి కడిగి చూస్తే, అదిగో. చెయ్యి దాని పని అది చేసుకుపోయింది. ఈ సంగతి ఆయనే తర్వాతెప్పుడో చెప్పుకున్నాడు. నేను మాత్రం ఆ ఫోటో చూసిన ప్రతిసారీ కాబ్‌ని వదిలేసి, ఫ్రేమ్ బయట నిలబడి స్నేహితుడి కోసం గాభరా పడుతున్న ఆ ప్రూఫ్ రీడర్‌నే ఊహించుకుంటాను.

అంతకంటే నాకు నచ్చేవి ఆయన తీసిన మొహాలు. ఎండకి కందిన చర్మం, కళ్ళ కింద ముడతలు, నడుము విరిగేలా పని చేసి వచ్చిన రైతుకూలీల మొహాలు. వాళ్ళలో చాలామంది గనుల ఊళ్ళ నుంచీ పొలాల నుంచీ వచ్చినవాళ్ళే. బంతి విసిరే పిచర్ల చేతులు విడిగా తీశాడు, బంతి ఎలా పట్టుకుంటారో తెలియాలని. పెద్ద పెద్ద బ్యాటర్ల కళ్ళు మాత్రమే తీశాడు. ఎవరు చెప్పారండీ ఆయనకి అలా తీయమని? ఆయన నెగెటివ్‌లలో చాలా భాగం పోయాయి, మిగిలినవి స్పోర్టింగ్ న్యూస్ పత్రికకి చేరాయి, చేతులు మారాయి, 2016లో 7 వేలకు పైగా నెగెటివ్‌లు వేలంలో దాదాపు 18 లక్షల డాలర్లకు పోయాయి. ఆ వార్త చదివిన రోజు సంతోషించాలో బాధపడాలో తెలియలేదు. అన్నీ కలిపే అమ్మారు, విడివిడిగా చెదిరిపోలేదు, అది మాత్రం మంచి విషయం.

అంతకు ముందు కాలంలో ఆట ఆడుతుండగా తీయడం వీలయ్యేది కాదు. 1880ల చివర్లో ఓల్డ్ జడ్జ్ సిగరెట్ పెట్టెల్లో పెట్టిన చిన్న ఫోటో కార్డులున్నాయి. వాటిలో ఆటగాళ్ళు స్టూడియోలో, వెనక గుడ్డ మీద గీసిన చెట్ల ముందు, బంతి పట్టుకోబోతున్నట్టు నిలబడతారు. బంతి దారంతో పైనుంచి వేలాడుతూ ఉంటుంది, భూతద్దం పెట్టి చూస్తే దారం కూడా కనపడుతుంది. ఇక కార్ల్ హార్నర్ అనే బోస్టన్ స్టూడియో ఆయన తీసిన హోనస్ వాగ్నర్ అనే పాత పైరేట్స్ ఆటగాడి పోర్ట్రెయిట్ ఉంది, లోకంలో అత్యంత ఖరీదైన బేస్‌బాల్ కార్డుల్లో ఒకటైన టీ206 వాగ్నర్ కార్డు మీద ఉన్న బొమ్మ దాని నుంచి వేసిందే. వాగ్నర్ మా ఊరి పక్కనే ఉన్న కార్నెగీవాడు. కార్డు గురించి అందరూ మాట్లాడతారు, ఆ ఫోటో తీసినాయన పేరు మాత్రం ఎవరూ తలవరు.

స్టూడియో అనగానే మా మామయ్య గుర్తొస్తాడు. తెనాలిలో మా మేనమామకి ఫోటో స్టూడియో ఉండేది. వాలుగా పెట్టిన బల్ల, దాని కింద అద్దం, అద్దంలోంచి పైకి కొట్టే వెలుతురు, ఆ వెలుతురు మీద నెగెటివ్ పెట్టి సూదిలా చెక్కిన పెన్సిల్‌తో పెళ్ళిచూపుల ఫోటోల్లో మొటిమల మచ్చలు పూడుస్తూ ఉండేవాడు. వేసవి సెలవుల్లో నేను పక్కన స్టూలు మీద కూర్చుని చూసేవాణ్ణి. నెగెటివ్‌లో మనిషి మొహం నల్లగా, జుట్టు తెల్లగా ఉంటుంది కదా, మామయ్య దాన్ని అలాగే చూసి ఎవరో గుర్తుపట్టేసేవాడు, ఇది ఫలానా వాళ్ళ రెండో అమ్మాయిరా, అని. నేను అమెరికా వచ్చిన కొన్నేళ్ళకి స్టూడియో మూసేశారు. ఫోన్లో అడిగాను, మామయ్యా ఆ పెట్టెలన్నీ ఏం చేశావు, అని. "పాత నెగెటివ్‌లు ఎవరికి కావాలిరా, షాపు ఖాళీ చెయ్యాలిగా, వెండి తీసేవాళ్ళొస్తే కిలోల లెక్కన ఇచ్చేశా" అన్నాడు మామూలుగా. ఎన్ని పెళ్ళిళ్ళు, ఎన్ని ఊళ్ళవాళ్ళ మొహాలు, ఏ మాత్రం వెండి వచ్చి ఉంటుంది వాటిలోంచి. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పెద్దాయనకి చెబితే, న్యూయార్క్‌లోనూ ఇదే జరిగింది, చికాగోలోనూ ఇదే జరిగింది, గాజు పలకలు కడిగేసి అద్దాలుగా వాడుకున్నవాళ్ళు కూడా ఉన్నారు అన్నాడు. ప్రింట్లు కాదు, నెగెటివ్‌లు వెతకాలి అని నాకు బలంగా అనిపించింది అప్పుడే.

ప్రింట్లకీ నెగెటివ్‌లకీ తేడా ఏంటంటే, ప్రింట్ ఎన్నైనా ఉండొచ్చు, నెగెటివ్ ఒక్కటే. ఆ రోజు ఆ ఎండలో, ఆ కెమెరా లోపల ఉన్నది అదే. మైదానం మీద పడిన వెలుతురే వచ్చి దాని మీద పడింది. మొదటిసారి ఒక గాజు పలకని లైట్ బాక్స్ మీద పెట్టినప్పుడు నాకు మాట రాలేదు. అంచుల దగ్గర పైపొర గాజు నుంచి ఊడి, పాల మీద మీగడ పక్కకి జరిగినట్టు ముడుచుకుని ఉంది, మధ్యలో మాత్రం బ్యాటర్ బూట్ల లేసులు కూడా లెక్కపెట్టొచ్చు. వాళ్ళు ఆ కాలంలో పేపర్‌లో వేసింది చిన్న ముక్క, నెగెటివ్‌లో దాని చుట్టూ ఉన్న ప్రపంచమంతా ఉంటుంది. వెనక గోడ మీద సబ్బు ప్రకటన, గడ్డి టోపీలు పెట్టుకున్న జనం, బ్యాట్లు మోసే కుర్రాడు, చెట్టెక్కి చూస్తున్నవాళ్ళు. ఎడిటర్ కత్తిరించేసిన మనుషులంతా అందులో ఇంకా ఉన్నారు.

వీటిని బతికించుకోవడం మాత్రం పెద్ద పని. గాజువైతే ఒకదాని మీద ఒకటి పేర్చకూడదు, ఒక్కోదానికి విడి కాగితం కవర్ వేసి నిలువుగా పెట్టాలి. ఫిల్మ్‌లో నైట్రేట్ అనేది ఒకటుంది, 1950ల మొదలుకల్లా తయారీ ఆగిపోయింది గానీ అంతకు ముందువి చాలా ఉన్నాయి, అది అంటుకుంటే ఆర్పడం కష్టం, ఇంట్లో పెట్టుకోవాల్సిన వస్తువు కాదు. అనుమానం వస్తే అంచు చూడాలి, సేఫ్టీ అని అక్షరాలుంటే ఆ భయం లేదు. కానీ ఆ సేఫ్టీ ఫిల్మ్‌కి వేరే జబ్బు ఉంది, పాతబడేకొద్దీ వెనిగర్ వాసన వేస్తుంది, ముడుచుకుంటుంది, పైపొర కాలవలు కట్టినట్టు లేచిపోతుంది. ఒకసారి మొదలైతే ఆగదు, చల్లగా పొడిగా పెడితే నెమ్మదిస్తుందంతే. మా ఇంట్లో గ్యారేజీలో ఉన్న రెండో ఫ్రిజ్‌లో కింద అరంతా గాలి చొరబడని సంచుల్లో నెగెటివ్‌లే. మా ఆవిడ గోంగూర, కరివేపాకు పై అరలో సర్దుకుంటుంది. పాపం, ఏనాడూ విసుక్కోలేదు, పైగా కరెంటు పోతే ముందు దాని దగ్గరికే పరుగెడుతుంది.

దొంగ సొత్తు గురించి కూడా రాయాలి. 1921లో, ఇందాకటి గైడ్‌కి పేరిచ్చిన స్పాల్డింగ్ భార్య ఆయన సేకరణ మొత్తం న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీకి ఇచ్చేసింది. బేస్‌బాల్ తొలినాళ్ళ ఫోటోలు, ఉత్తరాలు, అపురూపమైనవి. కొన్ని దశాబ్దాల తర్వాత చూసుకుంటే చాలా మాయం. బోస్టన్ పబ్లిక్ లైబ్రరీలోనూ అదే జరిగింది, మెక్‌గ్రీవీ అనే బార్ యజమాని తన గోడల మీదివి అక్కడికి చేర్చాడు, వాటిలోనూ పోయాయి, కొన్ని తర్వాత దొరికాయి. వెనకవైపు ఎక్కడైనా ముద్ర గీకేసిన గుర్తు కనపడితే, ఎంత చవకగా ఇచ్చినా ముట్టుకోవద్దు అని పెద్దాయన మాట. వెనక్కి తిప్పి చూడమనడంలో ఇది కూడా ఉంది. ఇంకొకటి, నెగెటివ్ కొన్నంత మాత్రాన కాపీరైట్ మనది అయిపోదు, ఈ సంగతి తెలియక పోస్టర్లు వేసి అమ్మి ఇబ్బంది పడినవాళ్ళున్నారు.

వెనక్కి అంటే నాట్ ఫీన్ సంగతి చెప్పాలి. 1948 జూన్ 13, యాంకీ స్టేడియంకి పాతికేళ్ళు నిండిన పండగ, బేబ్ రూత్ క్యాన్సర్‌తో చిక్కిపోయి చివరిసారి యూనిఫామ్ వేసుకుని వచ్చాడు, బ్యాట్‌ని ఊతకర్రలా పట్టుకుని నిలబడ్డాడు. ఫోటోగ్రాఫర్లందరూ ముందువైపు గుమిగూడారు. హెరాల్డ్ ట్రిబ్యూన్ ఫోటోగ్రాఫర్ నాట్ ఫీన్ చుట్టూ తిరిగి రూత్ వెనక్కి వెళ్ళాడు. ఆ వేళ ఇక మరెవరికీ ఇవ్వకుండా పక్కన పెడుతున్నది రూత్ జెర్సీ మీది మూడో నంబర్, అది కనపడేది వీపు మీదే కదా. ఫ్లాష్ వేయకుండా, ఉన్న మబ్బు వెలుతురులోనే తీశాడు. మొహం కనపడదు. రెండు నెలలకి రూత్ పోయాడు. మరుసటి ఏడాది ఆ ఫోటోకి పులిట్జర్ వచ్చింది.

ఇంత పెద్ద ఆటలో, ఇన్ని వేల ఫోటోల్లో, సగం మంది లేరు అని తెలిసొచ్చింది కూడా ఈ ఊళ్ళోనే. 1947 ఏప్రిల్ 15న జాకీ రాబిన్సన్ దిగేదాకా ఆ కాలంలో నల్లవాళ్ళకి మేజర్ లీగ్స్‌లో చోటు లేదు. వాళ్ళ లీగ్‌లు వేరు. పైరేట్స్ ఊళ్ళో లేనప్పుడు ఇదే ఫోర్బ్స్ ఫీల్డ్‌ని హోమ్‌స్టెడ్ గ్రేస్ జట్టు అద్దెకు తీసుకుని ఆడేది. కొండ మీద హిల్ డిస్ట్రిక్ట్‌లో గస్ గ్రీన్‌లీ తన క్రాఫోర్డ్స్ జట్టు కోసం 1932లో సొంతంగా స్టేడియమే కట్టాడు. సాచెల్ పేజ్, కూల్ పాపా బెల్, జాష్ గిబ్సన్ అందులో ఆడారు. 1938లో దాన్ని కూలగొట్టి ఇళ్ళు కట్టారు. గిబ్సన్ 1947 జనవరిలో, ముప్ఫై అయిదేళ్ళకే, రాబిన్సన్ దిగడానికి మూడు నెలల ముందు పోయాడు. 1975 దాకా సమాధి మీద పేరు కూడా లేదు. 2024లో నీగ్రో లీగ్స్ లెక్కలు కూడా మేజర్ లీగ్ లెక్కల్లో కలిపితే, బ్యాటింగ్ సగటులో, అంటే బ్యాటింగ్ అవకాశాలకి ఎన్ని హిట్లు అన్న లెక్కలో, టై కాబ్‌ని దాటి 0.372తో గిబ్సన్ మొదటి స్థానంలో నిలబడ్డాడు. కాబ్‌ని ఏ కోణం నుంచి కావాలన్నా చూడొచ్చు, కాన్లన్ లాంటివాళ్ళు ప్రాణం పెట్టి తీశారు. గిబ్సన్ బ్యాట్ ఊపే ఫోటోలు ఎంత వెతికినా చాలా తక్కువ. అంత గొప్ప ఆటగాణ్ణి తీయడానికి వైర్ ఏజెన్సీలు మనిషిని పంపలేదు.

పంపకపోయినా తీసినవాళ్ళున్నారు. టీనీ హారిస్. పిట్స్‌బర్గ్ కొరియర్ అనే నల్లవాళ్ళ పత్రికకి ఫోటోగ్రాఫర్, కుర్రతనంలో తనే క్రాఫోర్డ్స్ తొలి జట్టులో ఆడినవాడు. ఎక్కడికెళ్ళినా ఒక్క ఫోటో తీసి వెళ్ళిపోయేవాడని మేయర్ ఆయనకి వన్ షాట్ అని పేరు పెట్టాడు. దాదాపు 80 వేల నెగెటివ్‌లు. వాటి మీద హక్కుల కోసం చివరి రోజుల్లో కోర్టుకెక్కాల్సి వచ్చింది, 1998లో ఆయన పోయాకే అవి కుటుంబానికి తిరిగొచ్చాయి, 2001లో కార్నెగీ మ్యూజియం ఆఫ్ ఆర్ట్ తీసుకుంది. చాలావాటి మీద పేర్లు లేవు, తేదీలు లేవు. మ్యూజియం వాళ్ళు హిల్ డిస్ట్రిక్ట్ పెద్దవాళ్ళని కూర్చోబెట్టి చూపిస్తూ, ఈయన ఎవరు, ఇది ఏ వీధి అని అడిగి రాసుకున్నారు. అలాంటి ఒక సభకి పెద్దాయనతో కలిసి వెళ్ళాను. ఒక ముసలావిడ తెర మీద పడిన ఫోటో చూసి, ఆ మూడో వరసలో ఉన్నది మా అన్నయ్య అంది. హాల్లో అందరూ లేచి చప్పట్లు కొట్టారు. నేను కళ్ళు తుడుచుకున్నాను, మా తెనాలి పెట్టెలు గుర్తొచ్చి.

పెద్దాయన పోయి చాలా ఏళ్ళయింది. ఆయన సేకరణలో ఎక్కువ భాగం పిల్లలు వేలానికి ఇచ్చారు, వాళ్ళని తప్పు పట్టను, వాళ్ళ ఇళ్ళల్లో అంత చోటెక్కడిది. ఆరోగ్యం పాడవకముందే ఆయన నాకు ఒక పెట్టె ఇచ్చాడు, పేర్లు తేలనివన్నీ వేసిన పెట్టె. నువ్వు ఓపికున్నవాడివి, తేల్చు అన్నాడు. సాబర్ అని బేస్‌బాల్ చరిత్ర పరిశోధించే సంస్థ ఉంది, 1971లో మొదలైంది, అందులో ఫోటోల్లో ఉన్నది ఎవరో గుర్తుపట్టడమే పనిగా పెట్టుకున్న కమిటీ ఒకటుంది. మొహాలు మారిపోతాయి గానీ చెవుల ఆకారం పెద్దగా మారదు, అందుకని వాళ్ళు చెవులు పోల్చి చూస్తారు. జెర్సీ మీద అక్షరాలు, మేజోళ్ళ మీద చారలు ఏడాదికి ఎలా మారాయో చూస్తారు. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వాళ్ళు బెయిన్ న్యూస్ సర్వీస్ గాజు నెగెటివ్‌లు 2008 నుంచి ఆన్‌లైన్‌లో పెడుతుంటే, ఊరూ పేరూ లేనివాళ్ళు ఇలాగే వెతికి వెతికి పేర్లు చెప్పారు. నేనూ అదే పద్ధతి పట్టుకున్నాను. పెట్టెలో కొన్ని తేలాయి, చాలా తేలలేదు.

ఇప్పుడు నా బల్ల మీద ఉన్నది ఆ పెట్టెలోదే, పెద్ద సైజు ఫిల్మ్ నెగెటివ్, కవర్ మీద ఎవరో పెన్సిల్‌తో బాల్ టీమ్, బెడ్‌ఫర్డ్ అవెన్యూ అని రాశారు. గ్రీన్‌లీ స్టేడియం ఉన్నది బెడ్‌ఫర్డ్ అవెన్యూ మీదే. ఇటుక గోడ, ఒక బస్సు, దాని పక్కన యూనిఫామ్‌లలో నల్లజాతి ఆటగాళ్ళు, ఇద్దరు నవ్వుతున్నారు, ఒకాయన ఇటు కాకుండా పక్కకి చూస్తున్నాడు. క్రాఫోర్డ్స్ జట్టు బస్సు ముందు నిలబడ్డ 1935 ఫోటో ఒకటి బాగా ప్రసిద్ధం, ఇది అది కాదు, బస్సు నిలబెట్టిన తీరు వేరు, మనుషులు తక్కువ. జెర్సీ మీద అక్షరాలు చేతుల వెనక దాగిపోయాయి. ఒక మూల ఫిల్మ్ ముడుచుకోవడం మొదలైంది, వాసన కూడా వస్తోంది, అందుకని ముందు దీని పనే పెట్టుకున్నాను. ఆ రోజుల్లో పెన్సిల్వేనియాలో బండ్ల నంబర్ ప్లేట్లు ఏటా మార్చేవాళ్ళు, ప్లేట్ మీద సంవత్సరం కూడా ఉండేది. బస్సు ప్లేట్ నెగెటివ్‌లో గోరంత ఉంది, నా స్కానర్‌కి అందడం లేదు. మంచి కెమెరా సెటప్ ఉన్న స్నేహితుడికి ఇచ్చాను, కింది మూలని విడిగా పెద్దది చేసి తీస్తానన్నాడు, శనివారం వెళ్ళి తెచ్చుకోవాలి.